ప్లూమనాక్‌లోని సేన్-గిరెక్ బీచ్: పసిపిల్లలతో, అత్తయ్యగారితో వెళ్లవచ్చా?

సుజాత_వర్సాయ్ · మే 28

అందరికీ నమస్కారం. జులైలో ఒక వారం ఫ్రాన్స్ వాయవ్య తీరంలోని బ్రిటనీ వెళ్దామనుకుంటున్నాం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, అబ్బాయికి నాలుగు. కాకినాడ నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కూడా మాతోనే ఉన్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నడక ఫరవాలేదు, మెట్లంటేనే భయం.

పెద్ద బీచులు వద్దు. నార్మండీలో అంత పొడవు ఇసుకలో చిన్నవాడిని కనిపెట్టుకుని ఉండటంతోనే రోజంతా గడిచిపోయింది. పెరోస్-గిరెక్ ఊళ్లో ప్లూమనాక్ అనే పేట ఉందని, అక్కడ సేన్-గిరెక్ అని ఒక చిన్న బీచ్, చుట్టూ గులాబీ రంగు రాళ్లు, ఎదురుగా నీళ్లలో ఒక కోట అని మా ఆఫీసులో ఒకరు ఫొటోలు చూపించారు. ఫొటోలను నమ్మే వయసు దాటిపోయింది కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. అలలు ఎలా ఉంటాయి? నీళ్లు మరీ చల్లనా? పెద్దావిడ కూర్చోవడానికి వీలుంటుందా? శాకాహారం దొరుకుతుందా? అత్తయ్యగారు గుడ్డు కూడా తినరు.

వేణు_లానియన్ · మే 28

సుజాత గారూ, నా ఉద్యోగం, ఇల్లు రెండూ లానియన్‌లోనే. ఆ బీచ్ మాకు కారులో ఇరవై నిమిషాలు. ఫొటోల్లో ఉన్నది అబద్ధం కాదు, కాకపోతే అది రోజులో సగం మాత్రమే.

ముందు మంచి సంగతులు. రెండు రాళ్ల గుట్టల మధ్య ఒదిగిన ఇసుక తిన్నె అది. ఈ చివర నిలబడితే ఆ చివర ఆడుకుంటున్న మీ అబ్బాయి కనిపిస్తూనే ఉంటాడు. ఎదురుగా ఉన్నది కోస్తాయెరెస్ దీవి. దాని మీది కోటను పోలండ్‌కు చెందిన గణితవేత్త, ఇంజినీరు బ్రూనో అబకనోవిచ్ 1890లలో కట్టించాడు. అది ఇప్పటికీ ప్రైవేటు ఆస్తే, లోపలికి రానివ్వరు. ఆ దీవి, చుట్టూ ఉన్న రాళ్లు బయటి సముద్రపు జోరును అక్కడే ఆపేస్తాయి. లోపలికి వచ్చేసరికి అలల్లో పస ఉండదు. నాలుగేళ్ల పిల్లాడికి ఇంతకంటే నెమ్మదైన నీళ్లు మా వైపు కష్టం.

అత్తయ్యగారికి కూడా ఇబ్బంది లేదు. బీచ్ వెనకే వీధి, చిన్న ప్రార్థనా మందిరం, ఒకటి రెండు హోటళ్లు ఉన్నాయి. పైన కూర్చున్నా పిల్లలు కళ్లెదుటే ఉంటారు.

ఇక అసలు విషయం. బ్రిటనీలో అందరూ వాన పడుతుందా అని ఫోను చూస్తూ కూర్చుంటారు. వాన వస్తుంది, గంటలో పోతుంది. మీరు చూడాల్సింది ఆటుపోట్ల పట్టిక. పోటు మీద ఉన్నప్పుడు సేన్-గిరెక్ ఒక ఈతకొలను. ఆటు సమయానికి వెళ్తే నీళ్లు రాళ్లు దాటి ఎక్కడికో పోయి ఉంటాయి, బీచ్ ముందంతా తడి ఇసుక, నాచు, నీటిగుంటలు. ఈత దుస్తులు వేసుకుని వచ్చిన కుటుంబాలు దిక్కులు చూస్తూ నిలబడటం ప్రతి వేసవిలో చూస్తుంటాను.

మాధవి_కెంపేర్ · మే 28

వేణు గారు తన ఊరి బీచ్ గురించి చెడ్డగా ఎందుకు చెబుతారు లెండి! సుజాతా, ఉత్తర తీరంలో నీళ్లు నడి వేసవిలోనూ 16, 17 డిగ్రీలే. ఫొటోకి బాగుంటాయి, ఒంటికి కాదు. పిల్లలే ముఖ్యమైతే దక్షిణానికి రండి. నేవెజ్ దగ్గర పోర్-మానెక్ అని ఉంది. అదీ చిన్నదే, ఆవెన్, బెలోన్ నదులు సముద్రంలో కలిసే చోట గాలికి చాటుగా ఉంటుంది. ఇసుక వెనక పాతకాలపు తెల్ల చెక్క గదులు వరసగా కనిపిస్తాయి. చెట్ల నీడ కూడా ఉంది. నీళ్లు ఉత్తర తీరం కంటే ఒకటి రెండు డిగ్రీలు నయం. వాన పడితే గోగాన్ బొమ్మలు వేసిన పోంతావెన్ ఊరు పక్కనే.

వేణు_లానియన్ · మే 28

పోర్-మానెక్ బాగుంటుంది, కాదనను. ఒకటి రెండు డిగ్రీల కోసం ఇంకో గంటన్నర కారులో కూర్చోవాలి, అంతే. 17 డిగ్రీలకు వణికేవాడు 19కీ వణుకుతాడు. పిల్లలకు సన్నని నియోప్రీన్ దుస్తులు కొనండి, క్రీడా దుకాణాల్లో చవగ్గానే దొరుకుతాయి. అవి వేసుకున్నాక వాళ్లను బయటికి రప్పించడమే కష్టం.

సుజాత_వర్సాయ్ · మే 29

మాధవీ, వేణు గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. మనసు సేన్-గిరెక్ మీదే ఉంది. కానీ ఆటుపోట్ల పట్టిక తెరిచి చూస్తే గంటలు, మీటర్లు, ఇంకో అంకె ఏదో ఉన్నాయి. ఏమీ అర్థం కాలేదు. కాకినాడలో పుట్టి పెరిగిన మా ఆయనకే అర్థం కాలేదు.

వేణు_లానియన్ · మే 29

మీ వారి తప్పేమీ లేదు. మన తీరంలో, విశాఖ దగ్గర, ఆటుకీ పోటుకీ తేడా రెండు మీటర్లు దాటదు. అందుకే మనం ఎప్పుడు వెళ్లినా సముద్రం ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. ఇక్కడ పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా తొమ్మిది మీటర్లు దాటుతుంది. మూడంతస్తుల మేడ ఎత్తు నీరు రోజుకు రెండుసార్లు వచ్చి పోతుందన్నమాట. తూర్పుగా సేన్-మాలోకు వెళ్తే ఇంకా ఎక్కువ.

ఆ మూడో అంకె పేరు గుణకం. 20 నుంచి 120 వరకు ఉంటుంది. అది తక్కువైతే నీళ్లు కొంచెమే కదులుతాయి, ఎక్కువైతే బాగా లోపలికి వచ్చి బాగా వెనక్కి పోతాయి. 70 అంటే సగటు. 95 దాటితే పెద్ద పోట్లు. అదొక్కటి చూస్తే మిగతాది ఊహించవచ్చు. ఎందుకంటే మా తీరంలో ఒక నియమం ఏడాది పొడవునా తప్పదు. గుణకం బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో పోటు ఉదయం ఏడెనిమిది గంటలకు, మళ్లీ రాత్రి ఏడెనిమిదికి వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట, రెండు మధ్య నీళ్లు అట్టడుగున ఉంటాయి. గుణకం బాగా తక్కువ ఉన్న రోజుల్లో దీనికి తలకిందులు, మధ్యాహ్నమే పోటు. ఒక రోజుకీ మరుసటి రోజుకీ పోటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది.

కాబట్టి చిన్న గుణకం ఉన్న వారం దొరికితే మధ్యాహ్నం ఎండలో హాయిగా ఈత. పెద్ద గుణకం ఉన్న వారమైతే మధ్యాహ్నం నీటిగుంటల్లో పీతల వేట, ఈత సాయంత్రానికి. జులైలో పొద్దు గుంకేది రాత్రి పది దాటాకే కాబట్టి ఏడింటికి నీళ్లలో దిగినా వెలుతురుకు లోటు లేదు.

గౌతమీ_తీరం · మే 29

నేను ఫ్రాన్స్ గడ్డ మీద అడుగు పెట్టినవాణ్ణి కాదు. ఉండేది రాజమహేంద్రవరంలో, పని పంచాంగాలు సరిచూడటం. వేణు గారు చెప్పింది చదివాక ఊరుకోలేకపోతున్నాను. ఆ అంకె పెరగడం, తగ్గడం చంద్రుణ్ణి బట్టే కదా. పౌర్ణమికి, అమావాస్యకు సూర్యచంద్రులు ఒకే గీత మీద ఉండి కలిసి లాగుతారు, పోటు పెద్దది. అష్టమికి ఒకరు ఒకవైపు, ఇంకొకరు అడ్డంగా లాగుతారు, పోటు చిన్నది. మరి సుజాత గారి అత్తయ్యగారి చేతిలో పంచాంగం ఉంటే ఇంకో పట్టిక దేనికి?

వేణు_లానియన్ · మే 29

అయ్యా, చక్కగా చెప్పారు. ఒక్క సవరణ. ఇక్కడ సముద్రం కొంచెం ఆలస్యంగా స్పందిస్తుంది. పౌర్ణమి తర్వాత ఒకటిన్నర రోజుకు, అంటే విదియ ప్రాంతంలో, గుణకం శిఖరానికి చేరుతుంది. అష్టమికి కాక దశమి దగ్గర అడుగుకు పడుతుంది. విషువత్తుల దగ్గర, మార్చి, సెప్టెంబరు నెలల్లో, అన్నిటికంటే పెద్దవి వస్తాయి. పంచాంగం చూసి వారం ఎంచుకోండి. గంటలకు మాత్రం పెరోస్-గిరెక్ పట్టికే చూడాలి. అది పర్యాటక కార్యాలయంలో అడిగితే ఇస్తారు.

సుజాత_వర్సాయ్ · మే 30

ఇది అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఒక్కసారిగా ప్రయాణం మీద ఆసక్తి పుట్టుకొచ్చింది. సముద్రాన్ని పర్వదినాన తప్ప తాకకూడదని ఆవిడ పట్టింపు, అందుకే ఇన్నాళ్లూ "మీరు వెళ్లండి, నేను గట్టున కూర్చుంటాను" అంటూ వచ్చారు. ఇప్పుడు తెలుగు క్యాలెండరు తెచ్చి మేము వెళ్లే వారంలోనే ఆషాఢ పౌర్ణమి ఉందని చూపించారు. ఆ రోజు స్నానం చేస్తారట! వేణు గారూ, పౌర్ణమి నాడు ఆవిడకు నీళ్లు ఎన్ని గంటలకు అందుతాయి? తెల్లవారుజామున అంటున్నారు.

వేణు_లానియన్ · మే 30

పౌర్ణమి నాడు మా దగ్గర పోటు ఉదయం ఆరు, ఏడు ప్రాంతంలో నిండుతుంది. ఆవిడకు బాగా కలిసొచ్చింది, నీళ్లు ఇసుక మొదటికే వచ్చి ఉంటాయి. నడవాల్సిన పని కూడా లేదు. చలి మాత్రం చెప్పలేను.

తెల్లకోటు · మే 30

నేను రెన్‌లో వైద్యురాలిని. పెద్దావిడ గుండె, రక్తపోటు ఎలా ఉన్నాయో చెప్పలేదు. 16 డిగ్రీల నీళ్లలో ఒక్కసారిగా మునగవద్దు. ముందు పాదాలు, తర్వాత చేతులు, మెడ తడుపుకుని, మోకాళ్ల లోతులో చెంబుతో పోసుకుంటే చాలు. పక్కన మనిషి ఉండాలి. గట్టున పొడి బట్టలు, వేడి పానీయం సిద్ధంగా పెట్టుకోండి.

పిల్లల విషయంలో రెండు సంగతులు. ఇసుకలో వీవ్ అనే చిన్న చేప దాక్కుంటుంది, వీపు మీద విషపు ముల్లు. ఆటు సమయంలో లోతు తక్కువ నీళ్లలో నడిచేవాళ్లకు గుచ్చుకుంటుంది. ప్రాణాపాయం చాలా అరుదు, నొప్పి మాత్రం విపరీతం. రబ్బరు చెప్పులు వేయించండి. గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడినీళ్లలో పాదం ఉంచాలి, ఆ విషం వేడికి చెడిపోతుంది. రెండోది ఎండ. గాలి చల్లగా ఉండటం వల్ల కాలుతున్నట్టు తెలియదు, సాయంత్రానికి భుజాలు ఎర్రబడతాయి. మన రంగు పిల్లలకు ఎండ క్రీము అక్కర్లేదనే మాట వినవద్దు.

అత్యవసరమైతే 112. సముద్రంలో ఎవరైనా ఆపదలో ఉంటే 196, అది నేరుగా తీర రక్షణ కేంద్రానికి వెళ్తుంది.

మాధవి_కెంపేర్ · మే 30

అనడం ఇష్టం లేదు కానీ, ఆకుపచ్చ నాచు సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆ జిల్లాలోనే కదా 2009లో గుర్రం చచ్చిపోయింది.

వేణు_లానియన్ · మే 30

ఎత్తాల్సిన విషయమే. అది సేన్-మిషెల్-ఆన్-గ్రేవ్‌లో జరిగింది, లానియన్‌కు అటుపక్క. పొలాలకు, పందుల పెంపకానికి సంబంధించిన నైట్రేట్లు ఏళ్ల తరబడి వాగుల్లోంచి సముద్రంలోకి చేరుతున్నాయి. చదునుగా, విశాలంగా, నీరు తొందరగా మారని అఖాతాల్లో ఆ నాచు మేటలు వేసి కుళ్లుతుంది. పైన తెల్లటి పొర కట్టిన మేట లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు చేరుతుంది. దాని మీద కాలు వేస్తే ఆ వాయువు ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ గుర్రానికి జరిగింది అదే, రౌతు కూడా స్పృహ తప్పాడు. మా ప్రభుత్వాలు దీన్ని ఒప్పుకోవడానికి పట్టిన కాలం చూస్తే ఒళ్లు మండుతుంది, కానీ ఆ చర్చ వేరే చోట పెట్టుకుందాం.

సేన్-గిరెక్ వంటి చోట రాళ్ల మధ్య నీరు రోజూ బలంగా మారుతుంది కాబట్టి ఈ బెడద తక్కువ. రాళ్ల మీద కనిపించే గోధుమరంగు నాచు వేరు, అది ఉండాల్సిందే. కుళ్లిన గుడ్ల వాసన వస్తే, ఏ బీచ్ అయినా సరే, పిల్లల్ని తీసుకుని వచ్చేయండి. కట్టడి బోర్డు ఉంటే దాటవద్దు.

రాళ్ల_రామం · మే 31

నీళ్ల గురించి ఇంత మాట్లాడారు, రాళ్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఆ గులాబీ గ్రానైట్ వయసు సుమారు 30 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల నెమ్మదిగా చల్లారిన శిలాద్రవం కాబట్టి స్ఫటికాలు పెద్దవి. మీ అమ్మాయిని రాయి మీద చెయ్యి పెట్టి దగ్గరగా చూడమనండి. వేలిగోరంత గులాబీ ముక్కలు ఫెల్డ్‌స్పార్, వాటి సందుల్లో గాజు ముక్కలుగా బూడిదరంగులో ఉన్నది క్వార్ట్జ్, గోరుతో గీకితే పొరలుగా లేచే నల్లచుక్కలు అభ్రకం. కాళ్ల కింది గరుకు ఇసుకను గుప్పిట్లోకి తీసుకుంటే అందులోనూ అవే ముక్కలు. ఆ బీచ్ ఆ రాళ్ల నుంచే రాలింది.

ఆ గుండ్రని ఆకారాలు సముద్రం చెక్కినవని అందరూ అనుకుంటారు. పని చాలావరకు నేల లోపలే జరిగింది. రాతిలోని పగుళ్ల వెంట దిగిన నీరు మూలలను కొరికి ఇసుకగా మార్చింది, మధ్యలో గట్టి గుండు మిగిలింది. తర్వాత ఆ ఇసుకను కడిగేసి గుండ్లను బయటపెట్టడమే సముద్రం చేసింది. హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లో ఒకదాని మీద ఒకటి నిలబడిన బండలూ ఇదే పద్ధతిలో తయారయ్యాయి. మనవి 250 కోట్ల ఏళ్ల నాటివి, అక్కడ సముద్రం లేదు కాబట్టి వాన కడిగింది. మనం వాటిని పేల్చి ఇళ్లు కడుతున్నాం, వాళ్లు ప్రతి రాయికీ పేరు పెట్టి కాపాడుకుంటున్నారు. ఫ్రాన్స్‌లో తీరం నుంచి గులకరాయి ఏరుకుపోయినా జరిమానా వేయవచ్చు, పిల్లల జేబులు చూసుకోండి.

యానాం_మనవడు · మే 31

రాళ్ల పేర్లంటే గుర్తొచ్చింది. అక్కడ నెపోలియన్ టోపీ అని ఒక రాయి ఉంది. 1944 ఆగస్టు 3న లండన్ రేడియో "నెపోలియన్ టోపీ ఇంకా పెరోస్-గిరెక్‌లోనే ఉందా?" అని అడిగింది. వినేవాళ్లకు అదేదో పిచ్చి ప్రశ్న. బ్రిటనీలోని ప్రతిఘటన దళాలకు అది జర్మన్ల మీద తిరగబడమని సంకేతం. మరుసటి రోజే వెళ్లిపోతున్న జర్మన్లు ప్లూమనాక్ దీపస్తంభాన్ని పేల్చేశారు. ఇప్పుడు కనిపించే మేన్ రూజ్ స్తంభం యుద్ధం అయ్యాక అదే గులాబీ రాతితో మళ్లీ కట్టింది. బీచ్ నుంచి పదిహేను నిమిషాల నడక, సాయంత్రం వెళ్లండి.

ఇంకొకటి. బీచ్ పక్కన నీళ్లలో ఒక రాతి మీద చిన్న మండపం, అందులో గిరెక్ మహనీయుడి విగ్రహం ఉంటాయి. ఆయన 6వ శతాబ్దంలో వేల్స్ నుంచి సముద్రం దాటి వచ్చాడని కథ. పెళ్లి కావాల్సిన అమ్మాయిలు ఆయన ముక్కులో సూది గుచ్చేవారట, అది పడకుండా నిలిస్తే ఏడాదిలో పెళ్లి. పాత కొయ్య విగ్రహం ఆ సూదులకు శిథిలమైపోయింది. దాని స్థానంలో రాతిది పెట్టారు, దానికీ ముక్కు మిగల్లేదు. ఆటు సమయంలో నడిచి దగ్గరికి వెళ్లవచ్చు, పోటు వస్తే ఆయన నీళ్ల మధ్య ఒంటరి.

వేణు_లానియన్ · మే 31

ఆ నడక గురించే ఒక హెచ్చరిక. పోటు ఒకే వేగంతో రాదు. ఆరు గంటల్లో మొదటి గంట నెమ్మది, మూడో గంట, నాలుగో గంట కలిపి మొత్తం ఎత్తులో సగం పెరిగిపోతుంది. ఎనిమిది మీటర్ల పోటు అయితే ఆ రెండు గంటల్లో నాలుగు మీటర్లు. నీటిగుంటలు చూస్తూ రాళ్ల మీద దూరంగా పోయినవాళ్ల వెనక నుంచి నీరు చుట్టుకుంటుంది. ఆటు అట్టడుగు గంట దాటగానే గట్టు వైపు మళ్లండి. పిల్లలు తిప్పి చూసిన రాళ్లను మళ్లీ యథాప్రకారం పెట్టించండి, వాటి కింద బతికేవి ఎండకు చచ్చిపోతాయి.

సుజాత_వర్సాయ్ · జూన్ 1

తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రయాణం కూడా. మాకు కారు లేదు.

మాధవి_కెంపేర్ · జూన్ 1

తిండి నేను చెబుతాను, అది బ్రిటనీ అంతటా ఒకటే. గలెత్ అడుగు. బక్‌వీట్ పిండి, నీళ్లు, ఉప్పు కలిపి బిలిగ్ అనే ఇనుప పెనం మీద చెక్క కర్రతో పల్చగా తిప్పుతారు. అత్తయ్యగారు చూడగానే పేపర్ దోసె అంటారు, పులుపు ఉండదంతే. అడగకుండా ఇచ్చే మామూలు రకంలో పంది మాంసం, గుడ్డు, చీజ్ ఉంటాయి. అందుకని మాంసం, గుడ్డు రెండూ వద్దని, చీజ్, పుట్టగొడుగులు, ఉల్లిపాయలు చాలని చెప్పు. ఇంకో రెండు ప్రశ్నలు వేయాలి. పిండిలో గుడ్డు కలిపారా? కొన్ని చోట్ల కలుపుతారు. పెనానికి ఏం రాస్తారు? పాత పద్ధతిలో పంది కొవ్వు రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. వెన్న అంటేనే కూర్చోండి. తీపి క్రేప్‌లలో గుడ్డు ఎలాగూ ఉంటుంది, ఆవిడకు అవి వద్దు. అన్నం కుక్కరు మాత్రం వెంట తెచ్చుకో.

వేణు_లానియన్ · జూన్ 1

కారు లేకపోతే పారిస్ మోంపర్నాస్ స్టేషన్‌లో టీజీవీ అనే వేగపు రైలు ఎక్కి ప్లువారే-ట్రెగోర్‌లో దిగండి, అక్కడ చిన్న రైలు మారితే లానియన్. అక్కడి నుంచి పెరోస్-గిరెక్‌కు బస్సు. కారు అద్దెకు తీసుకునేవాళ్లకు ఒక మాట, బ్రిటనీలో రోడ్డు సుంకం లేదు, కానీ జులై, ఆగస్టు మధ్యాహ్నాల్లో ప్లూమనాక్‌లో బండి నిలపడానికి చోటు వెతకడం ఒక శిక్ష.

ఇంకో కోరిక. ట్రెస్ట్రావు బీచ్ నుంచి సెత్-ఈల్ దీవులకు పడవలు వెళ్తాయి. 20వ శతాబ్దం మొదట్లో జనం అక్కడికి సరదాగా పఫిన్ పక్షుల్ని కాల్చడానికి వెళ్లేవారు. ఆ మారణకాండ చూడలేకే 1912లో ఫ్రాన్స్ పక్షి రక్షణ సంఘం పుట్టింది, వాళ్ల గుర్తు ఇప్పటికీ ఆ పక్షే. పఫిన్లు జులై మధ్యకల్లా సముద్రంలోకి వెళ్లిపోతాయి. మీరు వెళ్లే వారం చివరి అవకాశం, ముందే టికెట్లు తీసుకోండి.

యానాం_మనవడు · జూన్ 2

అంత దూరం వెళ్లి దక్షిణాన లోరియాన్ చూడకుండా వస్తారా? ఆ ఊరు 1666లో ఫ్రెంచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడలు కట్టడానికి వెలిసింది. మూడేళ్లకే వాళ్లు మన మచిలీపట్నంలో కొఠీ తెరిచారు. ఎదురుగా పోర్-లూయీ కోటలో కంపెనీ మ్యూజియం ఉంది, భారతదేశపు అద్దకం బట్టలు చూడవచ్చు. ఆ బట్టల మోజు ఎంత ముదిరిందంటే ఫ్రెంచ్ రాజు 1686లో వాటిని నిషేధించాడు, 1759 దాకా ఎత్తేయలేదు. ఈలోగా దొంగతనంగా ఎంత అమ్ముడుపోయిందో కంపెనీ నావికుల్ని అడగాలి.

నిర్వాహకులు · జూన్ 2

మనవడు గారూ, మ్యూజియం గురించి వేరే చర్చ ప్రారంభించండి. ఇక్కడ బీచ్ వరకే.

సుజాత_వర్సాయ్ · జులై 19

వచ్చేశాం. అడిగినవాళ్లు సంగతి చెప్పకుండా మాయమైపోవడం ఈ వేదికలో మామూలే కాబట్టి, నేను చెప్పే తీరుతాను.

మేము వెళ్లిన వారంలో గుణకం పెద్దదే, అంటే మధ్యాహ్నాలన్నీ ఆటు. నీళ్లు లేవని మా ఆయన నిట్టూర్చారు కానీ పిల్లలకు ఆ లోటే తెలియలేదు. మోకాటి లోతు గుంట పక్కన మా అబ్బాయి బోర్లా పడుకుని, ఖాళీ నత్తగుల్లలో కాపురం పెట్టే చిన్న పీతల్ని చూస్తూ ఉండిపోయాడు. ఒకటి తన గుల్ల విడిచి పక్కనున్న పెద్ద గుల్లలోకి మారడం కళ్లారా చూశాడు. మెత్తటి, ముడుచుకున్న వెనకభాగం క్షణంలో బయటికి వచ్చి లోపలికి పోయింది. రాతికి అంటుకున్న నత్తలు వేలు తగలగానే బిగుసుకుపోయేవి. సాయంత్రం అక్కడే రాళ్లు మునిగిపోయి నీళ్లు పచ్చగా నిలబడితే ఇద్దరూ నియోప్రీన్ దుస్తుల్లో దిగారు. వేణు గారు చెప్పినట్టే బయటికి రప్పించడానికి బతిమాలాల్సి వచ్చింది.

అత్తయ్యగారు పౌర్ణమి నాడు ఆరున్నరకు స్నానం చేశారు. తెల్లకోటు గారి మాట ప్రకారం చెంబుతోనే. పిల్లిని తడిపినట్టు గబగబా ముగిస్తారనుకున్నాను, తీరిగ్గా మంత్రాలన్నీ చదివారు. మేము పైన కోట్లు వేసుకుని వణుకుతున్నాం. అక్కడ రోజూ పొద్దున్నే ఈదే ఒక ఫ్రెంచ్ పెద్దావిడ వచ్చి ఈవిడ చీరను, చెంబును చూసి పలకరించారు. ఇద్దరికీ భాష రాదు. అయినా అరగంట మాట్లాడుకున్నారు, నన్ను అనువాదానికి పిలవలేదు.

బాగా లేనివి కూడా రాయాలి. ఉదయం పదకొండు దాటాక జనం విపరీతం. చిన్న బీచ్ కాబట్టి సాయంత్రం పోటు నిండేసరికి ఇసుక సగానికి సగం తగ్గిపోయి తువ్వాలు పక్కన తువ్వాలు. గలెత్ తిన్న మొదటి చోట పెనానికి ఏం రాస్తారని అడిగితే విసుక్కున్నారు, లేచి వచ్చేశాం. రెండో చోట వెన్నే అని డబ్బా తెచ్చి చూపించారు. పఫిన్లు చాలా దూరాన నాలుగు చుక్కలుగా కనిపించాయి, బైనాక్యులర్ లేకుండా పడవ ఎక్కవద్దు.

మాధవి_కెంపేర్ · జులై 19

చదివి సంతోషించాను. వచ్చే ఏడాది మాత్రం మా దక్షిణానికే.

కొత్తగా_నాంత్ · జులై 21

మంచి చర్చ. మేము అక్టోబరు చివర్లో, పిల్లల బడి సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాం. అప్పుడు బీచ్ ఏమైనా పనికొస్తుందా?

వేణు_లానియన్ · జులై 21

ఈతకు కొంచెం కష్టమే అయినా నీళ్లు ఒక్కసారిగా చల్లబడవు, ఇంకా 14, 15 డిగ్రీలు ఉంటాయి. రక్షకులు ఉండరు, చాలా హోటళ్లు మూసి ఉంటాయి, పొద్దు త్వరగా గుంకుతుంది. బండికి చోటు మాత్రం ఎక్కడైనా దొరుకుతుంది. నడకకు నాకు అదే మంచి కాలం. బీచ్ నుంచి దీపస్తంభం మీదుగా ట్రెస్ట్రావు దాకా పాత సుంకపు కాపలాదారుల బాట ఉంది, పిల్లలతో రెండు గంటలు పెట్టుకోండి. పసివాళ్ల తోపుడుబండి వద్దు, కొన్ని చోట్ల రాళ్లు ఉన్నాయి, ఎత్తుకునే సంచి తెచ్చుకోండి. వెళ్లే తేదీలు చెబితే గుణకం చూసి ఏ పూట వెళ్లాలో రాస్తాను.